వచ్చి నాలుగు నెలలైనా రాని అతిథి

మా మండలం మొత్తం మీద ‘అంతర్జాతీయ రిసెర్చి ఫెలో’ అన్న సర్టిఫికెట్టు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు లెంక పైడయ్య. చదివింది మా ఊరి బడిలో మూడో తరగతి. అది కూడా పంతులుగారికి బదిలీ అయిపోయి మధ్యలో ఆగింది గానీ నా బుద్ధిలో లోపం వల్ల కాదు. సర్టిఫికెట్టుకి అద్దం కట్టించి గోడకి తగిలించాను. దాని మీద బంగారు రంగు ముద్ర ఉంది, వైస్ ఛాన్సలర్ గారి సంతకం ఉంది, నా పేరు ఇంగ్లీషులో ఉంది. దాన్ని నాకెవరూ ఊరికే ఇవ్వలేదు. కేవలం నా తెలివితేటలతో సంపాదించుకున్నాను. నమ్మనివాళ్ళు మా ఇంటికొచ్చి చూసుకోవచ్చు. మా ఇంటిది మజ్జిగ కూడా ఇస్తుంది.

నేను పనిచేసేది ఒక యూనివర్సిటీ పొలంలో. యూనివర్సిటీ పేరు చెప్పను. కొండ పక్కన ఉంటుందని మాత్రం చెబుతాను. మా జిల్లాలో కొండ పక్కన లేనిదేదీ లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. అక్కడ చోడి మీద పరిశోధన చేస్తారు. చోడి అంటే పట్నం వాళ్ళు రాగులంటారే, అదే. పరిశోధన సైంటిస్టులు చేస్తారు. దుక్కి, ఊడ్పు, కలుపు, కోత మేము చేస్తాం. మేమంటే మస్తరు కూలీలం, అంటే హాజరు పట్టీలో పేరున్న రోజు కూలీలం, పద్నాలుగు మందిమి. ముప్పై ఏళ్ళుగా వాళ్ళకి నేనే మేస్త్రిని. నా వయసు అరవై ఎనిమిది, మస్తరులో యాభై ఆరు.

ఈ మస్తరుకి ఒక పద్ధతుంది. ఎవరికైనా జ్వరమొచ్చినా, పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చినా తన చోట ఒక బదులు మనిషిని పంపాలి. పంపితే మస్తరులో పేరు నిలుస్తుంది. పంపకపోతే కొట్టేస్తారు. ఆ బదులు మనిషి ఎవరని ఎవరూ అడగరు. పొద్దున్న ఏడింటికి రావాలి, రెండు చేతులుండాలి. అంతే.

ఇక యూనివర్సిటీ సంగతి. నేను చెప్పబోయే ఏడుకి ముందు సంవత్సరం పైనుంచి ర్యాంకుల కోసం మార్కులు వేసే కమిటీ ఒకటి వచ్చింది. అన్నిటికీ మార్కులు వేసి, ‘విదేశీ పరిశోధకుల స్వాగతానుభూతి’ అన్న గడిలో మాత్రం సున్నా పెట్టి పోయింది. ఆ ఏడు నేపాల్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. తన పాటికి తాను గేటులోంచి నడిచొచ్చి, పని చేసుకుని, నడిచి వెళ్ళిపోయాడు. పని బాగానే చేశాడు గానీ అతనికెవరూ దండ వెయ్యలేదు. ఆ సున్నా చూసి యూనివర్సిటీ వాళ్ళకి అన్నం సయించలేదు. వెంటనే ‘అంతర్జాతీయ అతిథి స్వాగత, శిక్షణ విభాగం’ అని ఒకటి పెట్టారు. దానికి డైరెక్టరు డాక్టర్ చామర్తి విద్యాధరం గారు. ఆయన అసలు మట్టి శాస్త్రం ప్రొఫెసరు. మట్టి వదిలిపెట్టి మర్యాదలోకి వచ్చారు. ఆరు నెలలు తలుపేసుకుని కూర్చుని నూట పన్నెండు పేజీల ‘స్వాగత నియమావళి’ రాశారు.

ఆషాఢంలో ఒక సోమవారం చినుకులు పడుతుండగా గేటు దగ్గర ఆటోలోంచి ఒకమ్మాయి దిగింది. ముప్పై ఏళ్ళుంటాయి. పొడుగు మనిషి, మా కొండరాయి రంగు. చేతిలో ఒక సూట్‌కేసు, ఒక గొడుగు. దేశం ఉగాండా, పేరు గ్రేస్ అపోలోట్. నేను అక్కడే ఉన్నాను కాబట్టి సూట్‌కేసు అందుకుని డైరెక్టరు గారి గదికి తీసుకుపోయాను.

ఆమెను చూసి డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. మర్యాదకి కాదు, కంగారుకి.

“మీరు ఎలా వచ్చారు?”

“ఆటోలో,” అంది ఆమె. అంతా ఇంగ్లీషులోనే. సెక్షన్ గుమాస్తా కామేశం నా పక్కన నిలబడి గుసగుసగా తెలుగు చేసి చెబుతున్నాడు.

“అది కాదు. మీకు ఇంకా స్వాగతం జరగలేదు. స్వాగతం జరగని అతిథిని వచ్చినట్టుగా పరిగణించరాదు. నియమావళి, నాలుగో పేజీ.”

“అయితే నేనిప్పుడు ఎక్కడున్నాను?”

“మార్గమధ్యంలో,” అన్నారు డైరెక్టరు గారు ఎంతో గౌరవంగా.

తరువాత విడమరిచి చెప్పారు. అతిథికి ప్రధాన ద్వారం దగ్గర వి.సి. గారు స్వహస్తాలతో స్వాగతం పలకాలి. ఆ పైన ఇరవై ఒక్క రోజులు శిక్షణ. శిక్షణ ముగిశాకే ఫెలో హోదాలో పొలంలో కాలు పెట్టాలి. వి.సి. గారు ప్రస్తుతం ఊళ్ళో లేరు. అతిథులకి స్వాగతం ఎలా పలుకుతారో ఏడు దేశాల్లో అధ్యయనం చెయ్యడానికి వెళ్ళారు.

“ఎప్పుడొస్తారు?”

“అధ్యయనం లోతును బట్టి.”

ఆమె కుర్చీ జరుపుకుని కూర్చుంది. నిదానంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని తన సంగతి చెప్పుకుంది. వాళ్ళ ప్రాంతంలో కూడా చోడే తిండి. వెన్ను, అంటే కంకి, బయటికొచ్చే వేళకి మెడ దగ్గర నల్లబడి, విరిగి, గింజంతా తాలైపోయే తెగులొకటి ఉంది. మేము మెడవిరుపు అంటాం. వరసగా మూడేళ్ళు అది వాళ్ళ చేలని తినేసింది. వాళ్ళమ్మ చేను కూడా పోయింది. మా పొలంలో నలభై రకాల చోడి ఉంది. ఏ రకం తెగులుకి తట్టుకుంటుందో వెన్నులు తీసే ఆ రెండు వారాల్లోనే తెలుస్తుంది. ఆమెకిచ్చిన గడువు నాలుగు నెలలు, అంటే ఒక్క పంట. కార్తీకంలో తిరుగు విమానం. ఆ రెండు వారాలు దాటిపోతే ఖాళీ పుస్తకంతో ఇంటికి పోవాలి. మళ్ళీ పంపేవాళ్ళు లేరు.

“సార్, నారు మడిలో సిద్ధంగా ఉంది. రేపటి నుంచి ఊడుస్తారు. నాకు దండ వద్దు. పొలం చాలు.”

“అమ్మా, దండ మీ కోసం కాదు,” అన్నారు డైరెక్టరు గారు జాలిగా. “మా కోసం.”

వి.సి. గారు వచ్చేలోగా స్వాగతంలో పొరపాట్లు దొర్లకుండా రోజూ రిహార్సల్ చెయ్యాలని కూడా నియమావళిలో ఉంది. “అయితే నా మీదే చెయ్యండి, ఎలాగూ వచ్చాను కదా,” అంది ఆమె.

“మీ మీద చేస్తే మీకు స్వాగతం అయిపోయినట్టవుతుంది. వాడేసిన స్వాగతాన్ని వి.సి. గారి చేత ఎలా పలికిస్తాం?” అంటూ గది నాలుగు వైపులా చూశారు. నేనింకా సూట్‌కేసు పట్టుకునే ఉన్నాను. “ఈయనెవరు?”

“పొలం మేస్త్రీ పైడయ్య అండి,” అన్నాడు కామేశం.

“కొంచెం పక్కకి తిరుగు. ఊఁ. సామాను పట్టుకోవడంలో విదేశీ ఛాయ ఉంది. రేపటి నుంచి నువ్వే ఫెలోవి.”

“బాబూ, నాకు ఊడుపులున్నాయండి.”

“ఊడ్పులు ప్రతి ఏడూ వస్తాయి, పైడయ్యా. ర్యాంకు రాదు.”

ఆమెకి బస ఎక్కడన్నది మరో చిక్కు. రాని మనిషికి గెస్టుహౌసులో గది ఇవ్వకూడదు. కామేశం ముప్పై ఏళ్ళ సర్వీసున్నవాడు కాబట్టి దారి కనిపెట్టాడు. అతిథి కన్నా ముందుగా చేరిన సామాను దాచడానికి గెస్టుహౌసులో ఒక రిజిస్టరుంది. అందులో రాశాడు: ‘సూట్‌కేసు ఒకటి, గొడుగు ఒకటి, మనిషి ఒకరు. అతిథి రాగానే అప్పగించవలెను.’ వాచ్‌మన్ లెక్క చూసుకుని సంతకం పెట్టి తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పొలం షెడ్డులో అన్నాల దగ్గర మా వాళ్ళకి సంగతి చెప్పాను. మా ముఠాలో నోరున్న మనిషి ఎర్నమ్మ.

“మేస్త్రీ, నువ్వు దేశాలేలడానికి ఎల్తావు, బాగానే ఉంది. నీ వొరస ఎవులు ఊడుత్తారు? ఈ వానల్లో బదులు మనిసి ఎక్కడ దొరుకుతాడు? పేరు కొట్టీగల్రు, సూసుకో.”

“అదేనే నా బెంగ.”

ఎర్నమ్మ ముద్ద మింగి గెస్టుహౌసు వైపు చూసింది. అరుగు మీద ఆ అమ్మాయి మా చోడి నారుమడి వైపే చూస్తూ కూర్చుని ఉంది.

“ఆ సామానుంది గదేటి, కాలీగా,” అంది.

నేను వెళ్ళి, నాకొచ్చిన భాషలో, అంటే చేతులతో, నారు పీకడం, వంగడం, ఊడ్చడం చూపించాను. నేను రెండో మొక్క ఊడ్చేలోపే ఆమె లేచి ఫాంటు మోకాళ్ళ దాకా మడిచేసింది. మర్నాడు ఏడింటికి రమ్మంటే ఆరున్నరకే వచ్చి గట్టు మీద నిలబడింది. ఫారం సూపరింటెండెంటు గారు చూశారు. చేతులు రెండూ ఉన్నాయి. ‘పైడయ్య బదులు — ఒకరు’ అని మస్తరులో రాసుకున్నారు. ఆమె ఫెలోగా పొలంలో అడుగు పెట్టకూడదు. నాకు బదులుగా పెడితే తప్పు లేదు. నూట పన్నెండు పేజీల్లో బదులు మనిషి మాటే లేదు.

మొదటి రోజు ఆమె ఊడ్చిన వరస వంకర్లు పోయింది. “ఓలప్పా, నీ వొరస పాములాగ ఎలిపోతంది. మీ దేశంలో పావుల్ని సూసి ఊడుత్తారేటి?” అని ఎర్నమ్మ ఎగతాళి చేస్తే, అర్థం కాకపోయినా ఆమె అందరితో పాటు నవ్వింది. మధ్యాహ్నం చోడి అంబలి ముంత అందిస్తే తాగి, కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో ఏదో అంది.

“మాయమ్మ సేసినట్టే ఉంది అంతంది,” అని ఎర్నమ్మ తెలుగు చేసింది.

“నీకెలా తెల్సే?” అని మిగతావాళ్ళు అడిగారు.

“అంబలి తాగి ఇంకేటంటారు?”

ఇక్కడ నేను దిగిన కష్టం వేరు. ప్రధాన ద్వారం దగ్గర ఎర్ర తివాచీ, సన్నాయి మేళం, పూర్ణకుంభం, పళ్ళేలతో పన్నెండు మంది ఆడపిల్లలు, చేతిలో గడియారంతో డైరెక్టరు గారు. రోజుకి నాలుగు సార్లు నేను గేటు బయట నుంచి సూట్‌కేసుతో రావాలి. వి.సి. గారి బదులు కామేశం దండ వేసేవాడు.

“ఆపండి, ఆపండి. పైడయ్యా, నీ మొహంలో ఆశ్చర్యం చాలడం లేదు. నువ్వు ఆరు వేల కిలోమీటర్లు దాటి వచ్చావు.”

“నాను పట్నం దాటి ఎరగనండి.”

“అయితే పట్నం మొదటిసారి చూసినప్పుడు ఎలా చూశావో అలా చూడు.”

అలాగే చూశాను.

“చూపు బాగుంది. మరి జేబు తడుముకుంటావెందుకు?”

“ఆ యేల జేబు కొట్టేసినారండి.”

స్వాగతం కొంచెం గాడిలో పడ్డాక శిక్షణకి రిహార్సల్ మొదలైంది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ సర్టిఫికెట్టు నా తెలివితేటలతో సంపాదించానని మొదట్లో అన్నాను. కాదు. బొటనవేలితో సంపాదించాను. తెలివి పని ఎక్కడా పడలేదు, పడి ఉంటే శిక్షణ పాడయ్యేది. జరిగిందేమిటంటే, ఫెలో హాజరు తీసుకోవడానికి వేలిముద్ర యంత్రం ఒకటి కొన్నారు. అది పనిచేస్తుందో లేదో చూద్దామని నా వేలు పెట్టించారు. ఆ యంత్రం పతివ్రత లాంటిది. మొదట పట్టిన వేలిని తప్ప మరో వేలిని దగ్గరికి రానివ్వలేదు. కంపెనీ మనిషి వచ్చి చూసి, “ఇంక ఈ ఫెలో ఈయనేనండి,” అని చెప్పి వెళ్ళిపోయాడు. దాంతో ఇరవై ఒక్క రోజుల శిక్షణకీ హాజరు నాదే పడింది.

శిక్షణలో మొదటిది ‘హస్తభోజన నైపుణ్యం’. చేత్తో అన్నం తినడం నేర్పడానికి హోటల్ విద్యలో పట్టాలున్న మాష్టారొకాయన వచ్చారు. అన్నం వేళ్ళ రెండో కణుపు దాటకూడదట. బొటనవేలు తొయ్యాలి గానీ పట్టకూడదట. నా పద్ధతి ఆయనకి నచ్చలేదు. ‘అభ్యర్థి శ్రమిస్తున్నాడు గానీ సహజంగా రావడం లేదు’ అని రాసి బొటాబొటిగా పాస్ చేశారు.

పదిహేనో రోజు ‘భారతీయ గ్రామ సందర్శన’. పెద్ద ఏసీ బస్సులో నన్నొక్కణ్ణే కూర్చోబెట్టారు. వెనక జీపులో డైరెక్టరు గారు, ఫోటోలతను. బస్సు ఆగాక చూస్తే మా ఊరే. దిగి చూస్తే మా ఇల్లే. సహజత్వం చెడని గృహం అని దాన్ని కమిటీ ఎంపిక చేసిందట. మా ఇంటిది పోలమ్మ కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“ఈయన విదేశీ అతిథి. మీకు బొత్తిగా పరిచయం లేదు. ఆ భావంతో సంభాషించండి,” అని చెప్పారు డైరెక్టరు గారు.

“అలగేనండి,” అని పోలమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. నలభై ఐదేళ్ళుగా ఎదురుచూస్తున్న అవకాశం ప్రభుత్వ ఖర్చు మీద దొరికింది. “ఏ దేశం బాబూ తవరిది?”

“దూరదేశం తల్లీ.”

“ఆ దేశంలో మొగోల్లు ఇంట్లోకి బిందెడు నీల్లు తెత్తారా?”

“తెస్తారమ్మా.”

“పెల్లాం పిలిత్తే పలుకుతారా?”

“ఒక్కొక్కప్పుడు.”

“మంచి దేశమే. ఎల్లినప్పుడు మా ఆయన్ని కూడా ఎంటెట్టుకుపొండి బాబూ. అక్కడేనా బాగుపడతాడు.”

డైరెక్టరు గారు పరవశించిపోయి ‘సాంస్కృతిక వినిమయం, అత్యుత్తమం’ అని రాసుకున్నారు. తరువాత ఒక పరిశోధక విద్యార్థిని కర్ర పట్టుకుని మా ఇల్లు నాకు చూపించింది. “ఇది పొయ్యి. ఇది రోలు. ఇది నులక మంచం. గృహస్థు పగలంతా దీని మీద పడుకుంటాడు.” ఆ చివరి వాక్యం పోలమ్మ చెప్పి రాయించిందని నాకు తరువాత తెలిసింది.

శ్రావణంలో వి.సి. గారు రెండు రోజుల మట్టుకు వచ్చారు. అయితే ఆయనా విదేశం నుంచే వచ్చారు కాబట్టి నియమావళి ప్రకారం ముందు ఆయనకి స్వాగతం జరగాలి. స్వాగతం పలకవలసిన వారు వి.సి. గారు. అంటే కారులో బయట కూర్చున్న ఆయనకి లోపలి నుంచి ఆయనే దండ వెయ్యాలి. దీని మీద రెండు రోజులు సమావేశం నడిచింది. తీర్మానం కుదిరేలోపు ఆయన విమానం వేళయింది. గట్టు మీద నుంచి గేటు బయట కారు చూసిన అపోలోట్‌కి ఈ సంగతి చెప్పాను. అప్పటికి ఎర్నమ్మ దగ్గర ఆమె తెలుగు బాగానే పట్టేసింది.

“అయితే ఆయన కూడా దార్లోనే ఉన్నారా?” అని, మళ్ళీ వంగి కలుపు తియ్యడం మొదలెట్టింది.

భాద్రపదం నడిచేసరికి నలభై మడుల్లోనూ చోడి వెన్నులు తీసింది. ఆమె ఒక్కొక్క మొక్కకి రంగుదారం కట్టి, పొద్దున్నా సాయంత్రం ఒక్కొక్క వెన్ను మెడా పట్టి చూసి పుస్తకంలో రాసుకునేది. కూలీ పని ఏ రోజూ మానలేదు. మానితే నా పేరు కొట్టేస్తారని ఆమెకి నాకన్నా ఎక్కువ భయం.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు గారికి గొప్ప ఆలోచన వచ్చింది. వచ్చిన అతిథి చోడి శాస్త్రవేత్త కాబట్టి స్వాగతం చోడి పంట నడుమ జరగాలి. నడుమ వేదిక, వేదిక ముందు కుర్చీలు, పక్కన కార్లకి జాగా. కొలిపించి చూస్తే సరిగ్గా ఆ నలభై మడులూ సరిపోయాయి. పంట కోసేసి నేల చదును చెయ్యమని ఉత్తరువు ఇచ్చేశారు. పంట నడుమ అన్నారు కదా, పంట ఎలా ఉంటుందని సూపరింటెండెంటు గారు అడిగితే, “చుట్టూ కాగితంతో చేయిద్దాం. ఇంకా పచ్చగా ఉంటుంది,” అన్నారు.

మధ్యాహ్నం అపోలోట్ మట్టి చేతులతో గేటు దగ్గరికి వచ్చింది. నేను మెడలో మూడో దండతో నిలబడి ఉన్నాను.

“మేస్త్రీ, ఆల్లు నా సోడి కోసేత్తారంట. నన్ను రమ్మని పిలవడానికి నా సోడి కొయ్యడం ఏటి?”

నేను దండ తీసి చేతిలో పట్టుకున్నాను.

“ఇంకా పన్నెండు రోజులే. మెడలు ఇప్పుడే నల్లబడతన్నాయి. కొన్ని నల్లబళ్ళేదు, మేస్త్రీ. అవి ఏయో తెల్సిపోతాది. పన్నెండు రోజులు ఆగమని సెప్పు.”

మనం చెబితే ఆగుతారా? కామేశాన్ని చెట్టు కిందకి లాక్కుపోయాను. అతను నియమావళిని మొదటి నుంచి తిప్పుతూ పోయి ఎనభై ఎనిమిదో పేజీ దగ్గర ఆగాడు. ‘అతిథి మనోభావ పరిరక్షణ: ఫెలో వ్యక్తపరచిన ఏ కోరికనైనా ఆకుపచ్చ సిరాతో నమోదు చేసి, ఇరవై నాలుగు గంటల్లో నెరవేర్చవలెను. దానిని రద్దు చేయు అధికారము వి.సి. గారికి మాత్రమే కలదు.’

మర్నాడు మొదటి రిహార్సల్‌లో దండ పడగానే నేను కదలకుండా నిలబడిపోయాను.

“నాకొక కోరికుంది.”

“ఇది కార్యక్రమంలో లేదే?” అన్నారు డైరెక్టరు గారు.

“ఎనబై ఎనిమిదో పేజీలో ఉందండి. దీనికి మనం ఒక్క రోజేనా రిహార్సలు సెయ్యనేదు. రేపు ఆ అతిథి వి.సి. గారి ముందు ఏటైనా కోరితే ఏటవుద్ది బాబూ?”

డైరెక్టరు గారి మొహంలో ఆ పాత సున్నా కనపడింది. గబగబా ఆకుపచ్చ సిరా కలం తెప్పించారు.

“సరే, కోరు. విదేశీయుడిలా కోరు.”

“మా దేశంలో సోడి సేను దేవతండి. వెన్ను తీసింది మొదలు పండేదాకా దానికి కొడవలి సూపించకూడదు. సూపిత్తే మీరు ఏసిన దండ తీసేసి ఎనక్కి ఎలిపోతాము.”

“మీ దేశమంటే?”

“ఉగాండా అండి. రిహార్సల్లో.”

ఆయన రాశారు. కోరిక నమోదు కావాలంటే ఫెలో వేలిముద్ర పడాలి. యంత్రం మీద వేలు పెట్టాను. అది గంట కొట్టి పచ్చదీపం వెలిగించింది. అంతే, అది రిహార్సల్ కాకుండా పోయింది. ఇరవై నాలుగు గంటల్లో చోడి చేను చుట్టూ తాడు కట్టి ‘అంతర్జాతీయ ఫెలో గారి మనోభావము, ప్రవేశము నిషిద్ధము’ అని బోర్డు పెట్టారు. బోర్డు దాటి లోపలికి పోయే హక్కు మస్తరు కూలీలకి మాత్రమే మిగిలింది.

పన్నెండు రోజులూ ఆమె ఆ తాడు లోపలే ఉంది. నలభై రకాల్లో ముప్పై ఆరు మెడ విరిగి తాలైపోయాయి. నాలుగు నిలబడ్డాయి. అందులో ఒకటి ఎర్నమ్మ వాళ్ళ కొండ మీద పండే గింజ. సైంటిస్టులు దాన్ని లెక్క నిండడం కోసం వేశారు. ఆ రోజు అపోలోట్ ఆ మడిలో నిలబడి వెన్ను మెడ పట్టుకుని ఎర్నమ్మని పిలిచింది. “అప్పా, ఇది సూడు, నీ గింజ. నా అమ్మ సేలో ఏస్తాను.” ఎర్నమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, “మాకు తెల్సినదే గదా, ఇంత దూరం నించి రావాలా?” అంది గానీ ఆ పూట ఎవరినీ ఒక్క మాట అనలేదు.

కార్తీకంలో ఆమె వెళ్ళిపోయే రోజు పొద్దున్నే వి.సి. గారు అధ్యయనం ముగించుకుని వచ్చారు. ఈసారి ఆయన స్వాగతం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ వెళ్ళిపోతారు. సాయంత్రం ఐదింటికి అపోలోట్ విమానం. అయితే రాని మనిషి వెళ్ళడానికి కాగితం ఇవ్వడం కుదరదు. కాబట్టి ముందు ఆమె రావాలి.

గెస్టుహౌసు వాచ్‌మన్ రిజిస్టరు తెరిచి సూట్‌కేసు, గొడుగు, మనిషిని సంతకం పుచ్చుకుని అప్పగించాడు. ఆమెను గేటు బయటికి తీసుకుపోయి, వెనక్కి తిప్పి నిలబెట్టారు. సన్నాయి మోగింది. వి.సి. గారు ఏడు దేశాల్లో నేర్చుకున్న ఏడు స్వాగతాలూ ఒకదాని తరువాత ఒకటి ప్రయోగించారు. ఒకదానికి నడుము దాకా వంగారు, ఒకదానికి చెంపలు ఆనించారు, ఒకదానికి ఏదో ఆకు వెతికితే దొరక్క తమలపాకుతో సరిపెట్టారు. మొత్తం నలభై నిమిషాలు. ఆ తరువాత శిక్షణ పూర్తి చేసిన ఫెలోకి సర్టిఫికెట్టు అన్నారు. యంత్రంలో ఉన్న పేరు చదివారు. వెళ్ళి నేను తీసుకున్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అప్పటికి ఆ గేటు దగ్గర అందరికీ నన్నే చూసి అలవాటైపోయింది.

“ఇప్పుడే విచ్చేసిన మన అతిథికి రేపటి నుంచి ఇరవై ఒక్క రోజుల శిక్షణ,” అని ప్రకటించారు డైరెక్టరు గారు.

“నా ఇమానం సాయంత్రం అయిదింటికి బాబూ,” అంది అపోలోట్.

వి.సి. గారు ఉలిక్కిపడ్డారు. “అద్భుతం! గేటులో అడుగు పెట్టి గంట కాలేదు, తెలుగు మాట్లాడుతోంది! విద్యాధరం గారూ, ఎలా సాధ్యమైంది?”

“స్వాగత ప్రభావం సార్,” అన్నారు డైరెక్టరు గారు కళ్ళు దించుకుని.

ఆ సంబరంలో శిక్షణ మాట అందరూ మరిచిపోయి, వెళ్ళే కాగితం ఇచ్చేశారు. ఆమె కారెక్కబోతుంటే గేటు సెక్యూరిటీ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె గుండెలకి హత్తుకున్న పుస్తకం చూశాడు. పరిశోధన రాతలేవీ వి.సి. గారి సంతకం లేకుండా గేటు దాటకూడదు. అందులోనూ ఇప్పుడే వచ్చిన మనిషి పరిశోధన ఎప్పుడు చేసినట్టు? పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళమన్నాడు.

“ఇది నేకండా నాను ఎల్లను,” అంది ఆమె. కేకలు వెయ్యలేదు. సూట్‌కేసు కింద పెట్టి దాని మీద కూర్చుంది. గట్టు మీద మా వాళ్ళు పదమూడు మందీ పని ఆపి నిలబడ్డారు. నేను మస్తరు కాగితం, ‘పైడయ్య బదులు — ఒకరు’ అని నాలుగు నెలలూ రాసినది, వి.సి. గారి ముందుకు పట్టాను.

వి.సి. గారు పుస్తకం అందుకున్నారు. మొదటి పేజీ తిప్పారు, రెండోది తిప్పారు. మధ్యలో రంగుదారాలు అంటించిన పేజీల దగ్గర ఆగారు. మస్తరు చూశారు. ఆ తరువాత ఆమె చేతులు చూశారు. గోళ్ళ సందున మా పొలం మట్టి ఇంకా పోలేదు. మెల్లగా జేబులోంచి కలం తీసి, “అమ్మా, నువ్వు నాలుగు నెలల కిందటే వచ్చావు. రానిది మేమే,” అని, తల వంచి సంతకం పెట్టారు.

కారు వెళ్ళిపోయింది. ఎర్నమ్మ ఇచ్చిన చోడి గింజల మూట ఆమె ఒళ్ళోనే ఉంది.

నేను అన్నీ అల్లి చెబుతానని మా ఇంటిది నలుగురి ముందూ అంటూ ఉంటుంది. ఆ మాట పడేకంటే ఇందులో అల్లింది ఏదో నేనే చెప్పేస్తాను. ఒక్కటే. వి.సి. గారు ఆ పుస్తకం చదివారన్నది. ఆయన చదవలేదు. అతిథుల అభిప్రాయాల పుస్తకమనుకుని, తెరిచిన పేజీ మీదే ‘చాలా బాగున్నది, అభినందనలు’ అని రాసి, అడ్డంగా సంతకం పెట్టి, భోజనాలు ఎక్కడని అడిగారు. సంతకం సంతకమే కాబట్టి గేటు తీశారు. ఆ చివరి మాట ఎవరో ఒకరు అనవలసిన మాట కదా అని ఆయన చేత నేనే అనిపించాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను.